పెన్ను మీద అరవై రెండు

సీసాలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. అరుణజ్యోతి అందులో రెండు చుక్కల పరీక్ష మందు వేసింది. లేత పసుపు రావాలి. ముదురు నారింజ వచ్చింది.

ఇంకో సీసా కడిగింది. కుళాయి తిప్పి మళ్లీ పట్టింది. మళ్లీ రెండు చుక్కలు. మళ్లీ నారింజే.

అమ్మోనియా లీటరుకు ఐదు మిల్లీగ్రాములు దాటకూడదు. ముప్పై ఎనిమిది ఉంది.

మే నెల, గురువారం, ఉదయం పదకొండు కావస్తోంది. ల్యాబ్ కిటికీ అవతల చెత్త దిబ్బ ఎండకు పొగలు కక్కుతోంది. పెద్ద అంబర్‌పేట్ దాటి లోపలికి వెళ్తే, గుట్టల మధ్య ఇంకో గుట్టలా కనిపిస్తుందది. నగరం పారేసిన కుళ్లు కూరగాయలు, బ్యాటరీలు, మందు సీసాలు, చచ్చిన కుక్కలు అన్నీ కలిసి నాని, అడుగు నుంచి నల్లటి కషాయంలా ఊరతాయి. ప్లాంట్‌లో దాన్ని లీచెట్ అంటారు. నల్ల షీటు పరిచిన గుంతలో పడుతుంది. అక్కడి నుంచి గాలి ఊదే ట్యాంకుల్లోకి వెళ్తుంది, కొంత మురికిని అక్కడ సూక్ష్మజీవులు తింటాయి. మిగిలిన నీళ్లను కంటికి కనపడని రంధ్రాలున్న పొరల గుండా మోటార్లతో తోస్తారు. పొరకు ఇవతల తేట నీళ్లు, అవతల మరింత చిక్కటి విషం. తేట నీళ్లు ట్యాంకర్లలో రింగురోడ్డు పక్క మొక్కలకు పోతాయి.

పొర ఉప్పును ఆపుతుంది, రంగును ఆపుతుంది. అమ్మోనియాను ఆపాలంటే మాత్రం ముందుగా నీళ్లలో యాసిడ్ పడాలి.

అరుణజ్యోతి పంపు గదికి పరుగెత్తింది. యాసిడ్ డ్రమ్ము ఖాళీ. చిన్న పంపు గాలి పీలుస్తూ టకటకా కొట్టుకుంటోంది. తెల్లవారకముందే అయిపోయి ఉంటుంది. ఎవరూ చూడలేదు.

మేనేజర్ బాపిరాజు గదిలో ఏసీ కింద కూర్చుని టీ తాగుతున్నాడు. భీమవరం నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడి పదిహేనేళ్లయినా ఆయన మాటలో ఆ ఊరు అలాగే ఉంది.

"సార్, తేట నీళ్లు బయటికి పోకుండా ఆపాలి. అన్నీ తిరిగి గుంతలోకి మళ్లించండి. అమ్మోనియా ముప్పై ఎనిమిది ఉంది."

"అబ్బ, ఎంత కంగారు పెట్టేస్తావమ్మా! మొక్కలకేగా వెళ్లేది? యూరియా చల్లినట్టుంటుంది. ఏపుగా పెరుగుతాయి."

"సార్."

"సరే, ఆపిస్తాను. ఎన్ని బళ్లు వెళ్లాయి పొద్దుట్నుంచి?"

గేటు రిజిస్టర్‌లో ఒకటే ఉంది. డ్రైవర్ లింగస్వామి ట్యాంకర్, ఎనిమిదింటికి. అరుణజ్యోతి అతనికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బాపిరాజు తన ఫోన్‌లో బండ్లు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు తెరిచాడు. రింగురోడ్డు మీద ఉండాల్సిన చుక్క కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్ వెనక సందులో కదలకుండా నిలబడి ఉంది.

"అక్కడ మొక్కలేంటమ్మా?"

అక్కడ మొక్కలు లేవు. అక్కడ ఏముందో అరుణజ్యోతికి తెలుసు. ఏడు మంచాల చిన్న డయాలసిస్ సెంటర్. లింగస్వామి భార్య రాములమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఆమెను అక్కడికే తీసుకెళ్తాడు.

లింగస్వామికి మళ్లీ చేసింది. ఈసారి రెండో రింగుకే ఎత్తాడు.

"మేడం! మీకే చేద్దామనుకుంటున్న. మీకు వంద దండాలు."

"యాడున్నవ్ లింగస్వామన్నా?"

"ఆమె దగ్గర్నే ఉన్న. కోపం చేస్కోవద్దు మేడం, జర ఇను. బోరు ఎండిందని మంగళవారం ఎనక్కి పంపిండ్రు. ఇయ్యాల గూడ బంద్ అన్నరు. ఆమెకు మొఖమంత ఉబ్బింది, పండుకుంటె ఊపిరాడ్తలేదు. నీళ్ల బండి తోలెటోడు నీళ్లు లేవని పెండ్లాన్ని సంపుకుంటడా? అందుకే మన నీళ్లు తెచ్చి ఈళ్ల నీళ్ల సంపుల పోసిన. గీ ఒక్క ట్రిప్పే."

"మన నీళ్లు..."

"గంతకంటే మంచి నీళ్లు గీ ఏరియల యాడున్నయ్ మేడం? మీరే గదా చూపిచ్చిండ్రు."

నిజమే. చూపించింది ఆమే.

రెండు నెలల కిందట కాలనీల వాళ్లు కొందరు ప్లాంట్ చూడటానికి వచ్చి, ముక్కులకు కొంగులూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ల భయం పోగొడదామని అరుణజ్యోతి జేబులోంచి టీడీఎస్ పెన్ను తీసింది. ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే ఇళ్లలో చాలామంది దగ్గర ఉండేదే. నీళ్లలో ముంచితే ఎంత ఉప్పు కరిగి ఉందో అంకె చూపిస్తుంది. నల్ల గుంతలో ముంచితే అది అంకె చూపలేక మొరాయించింది. తేట నీళ్లలో యాభై ఎనిమిది. ఒక పెద్దాయన చేతిలోని నీళ్ల సీసాలో నూట పది. "చూశారా? మీ బాటిల్ నీళ్ల కంటే మా నీళ్లే నయం" అంది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ పెన్ను ఉప్పును తప్ప దేన్నీ పట్టదనీ, అమ్మోనియా దాని కళ్ల ముందు నుంచే నడిచి వెళ్లగలదనీ ఆమె చెప్పలేదు. చెప్తే చప్పట్లు ఆగిపోయేవి.

లింగస్వామి చప్పట్లు కొట్టలేదు. ట్యాంకర్ నింపే పని వదిలి దగ్గరికొచ్చి, పెన్నును చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూశాడు. అతనిది నల్లగొండలో ఫ్లోరైడ్ ఊరు. తండ్రి నలభై ఏళ్లకే నడుము వంగి నేల చూస్తూ బతికాడు. తేటగా ఉన్నంత మాత్రాన నీళ్లను నమ్మకూడదని ఆ ఊళ్లో పసివాళ్లకు కూడా తెలుసు. కంటిని నమ్మని మనిషి అంకెను నమ్మాడు. "గీ పెన్ను అప్పట్ల మా ఊర్లె ఉంటే, మా నాయిన సక్కగ నిలవడి సచ్చెటోడు మేడం" అన్నాడు. ఫ్లోరైడ్‌ను కూడా ఆ పెన్ను విడిగా చూపించదు. అదీ ఆమె చెప్పలేదు.

"లింగస్వామన్నా, ఆమెను మిషన్ మీద పెట్టిండ్రా?"

"పది కాకముందే పెట్టిండ్రు. నీళ్లు నేనే తెచ్చిన గదా, ఫస్టు ఆమెకే పెట్టిండు కొండల్ తమ్ముడు. మనిషి మంచోడు."

"ఫోన్ ఆయనకియ్యి. జల్దీ."

కొండల్ ఆ సెంటర్లో టెక్నీషియన్. గొంతు హుషారుగా ఉంది. "నమస్తే మేడం. ఏం నీళ్లు పంపిండ్రు మేడం! మా బోరు పద్నాలుగు వందలుండె. గివి పెన్ను మీద అరవై రెండే. మా ఆర్‌ఓ మిషిన్ కూడ నవ్వుకుంటున్నది, ఇయ్యాల నాకు పనే లేదని."

"క్లోరిన్ చూసినవా?"

"అగో, అదొక్కటే పరేషాన్. సంపుల పురుగు పట్టొద్దని హైపో, గదే క్లోరిన్ నీళ్లు, పోస్తం గదా. పోసి చూస్తే జీరో. మల్ల పోసిన. మల్ల జీరో. మూడోసారి గూడ పోసిన. ఎంత పోసినా తాగేస్తున్నయ్ మేడం గీ నీళ్లు."

అరుణజ్యోతికి అర్థమైంది.

ఈ ఉద్యోగానికి ముందు మూడేళ్లు ఆమె ఆసుపత్రుల్లో నీటి మిషన్లు బాగుచేసే పని చేసింది. నీళ్లలో అమ్మోనియా ఉంటే పోసిన క్లోరిన్ ఎక్కడికీ పోదు. రెండూ కలిసి మూడోది పుడుతుంది. క్లోరమిన్. కొండల్ చేసే పరీక్షకు అది కనపడదు. తాగితే కడుపు కొంత తట్టుకుంటుంది. డయాలసిస్ అలా కాదు. ఒక సన్నని పొరకు ఇటు రోగి రక్తం, అటు నిమిషానికి అర లీటరు నీళ్లు, నాలుగు గంటల పాటు పారుతూనే ఉంటాయి. క్లోరమిన్ ఆ పొర దాటి రక్తంలోకి వెళ్లి ఎర్రకణాలను పగలగొడుతుంది. సున్నా చూసి కొండల్ పోసిన ప్రతిసారీ విషం పెరిగింది. దాన్ని ఆపాల్సింది ఒక్క బొగ్గు ఫిల్టర్.

"కార్బన్ ఎప్పుడు మార్చిండ్రు?"

"మార్చాలె. చెప్పినం పైన. ఎందుకు మేడం?"

"మిషన్లు ఆపు కొండల్. అన్నీ ఆపు."

"ఎందుకు?"

బాపిరాజు కుర్చీలోంచి లేచి ఆమెకెదురుగా వచ్చి నిలబడ్డాడు. వద్దు వద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. దిబ్బ పేరు రానివ్వకు అని పెదాలతో చెప్తున్నాడు.

అరుణజ్యోతి ఆ చేతుల వైపు చూస్తూ సగమే చెప్పింది. "ఆ నీళ్లు... బాగాలేవు."

"అరవై రెండు చూపెడుతుంటే బాగలేకపోడమేంది?"

"నేను చెప్తున్న కదా!"

కొండల్ నవ్వాడు. "లింగస్వామన్న చెప్పకుండ తెచ్చిండని మీకు కోపం. సమజైంది. నీళ్లే గద మేడం, బంగారమా? డాక్టర్ సారు పన్నెండున్నరకొస్తడు, ఆయనతోని మాట్లాడుండ్రి. ఏడుగురున్నరు లోపట, ఫోన్లు బంద్ చేయాలె."

కట్ అయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

ఆమె ల్యాబ్‌లోకి వెళ్లి పరీక్ష పెట్టె చేతిలో పట్టుకుని స్కూటీ దగ్గరికి నడిచింది. బాపిరాజు గేటు దాకా వెంట వచ్చాడు.

"అరుణా, చెప్పేది విను. వాళ్ల బోరు నీళ్లే చెడిపోయాయని చెప్పు. మిషన్లు అలాగైనా ఆగుతాయి కదా? లీచెట్ అన్నావంటే రేపు పేపర్లో వస్తుంది. ప్లాంట్‌కి తాళం పడుతుంది. తాళం పడితే ఆ నల్లనీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? వానలొస్తున్నాయి. గుంత నిండి కింద ఊళ్లలోకి పోతాయి. అది నీకు బాగుంటుందా?"

అందులో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. బండి స్టార్ట్ చేసింది.

హయత్‌నగర్ దాకా రోడ్డు ఖాళీ. అక్కడి నుంచి విజయవాడ బస్సులు, లారీలు, ఆటోలు. ఎండ తారు మీద నీళ్లలా మెరుస్తోంది. వనస్థలిపురం దగ్గర పెళ్లి బారాత్ ఒకటి సగం రోడ్డు ఆక్రమించింది. హారన్ కొడుతూ దాని పక్క నుంచి దూరింది. ఒక ముసలాయన "జర నిమ్మలంగ పో బిడ్డా, పెండ్లి నీదేంగాదు" అన్నాడు. నవ్వులు వెంట వచ్చాయి.

ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మళ్లీ ఫోన్ చేసింది. స్విచాఫ్. పదకొండు నలభై. రాములమ్మ మిషన్ ఎక్కి దాదాపు రెండు గంటలు. బాగాలేవు అనడానికి బదులు, అవి దిబ్బ నీళ్లు అని ఉంటే? కొండల్ అప్పుడే ఆపేసేవాడు. ఒక్క మాట మింగినందుకు నలభై నిమిషాలు పోయాయి.

సందు మొదట్లోనే ట్యాంకర్ కనిపించింది. వెనక గొలుసుకు వేలాడాల్సిన 'మొక్కలకు మాత్రమే' బోర్డు లేదు. డ్రైవర్ సీటు కింద బోర్లా పడి ఉంది.

మెట్లెక్కేసరికే వాసన తగిలింది. ఈతకొలను వాసన. చల్లటి గదిలో ఏడు మంచాలు, ఏడు మిషన్లు. మొదటి మంచం మీద రాములమ్మ. భార్య పాదాలు ఒళ్లో పెట్టుకుని లింగస్వామి నొక్కుతున్నాడు. అరుణజ్యోతిని చూడగానే లేచి చేతులు జోడించాడు.

"ఒచ్చిండ్రా మేడం! రాములూ, నీళ్ల మేడం ఒచ్చింది సూడు."

రాములమ్మ కళ్లు తెరిచింది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. "నడుము ఇరుగుతున్నట్టున్నది బిడ్డా" అంది. "ఎన్నడు గిట్ల కాలె."

"మొన్న తప్పింది గదా, గందుకే" అన్నాడు లింగస్వామి. "మురికి పోతుంటె నొప్పి ఉంటది."

అరుణజ్యోతి రాములమ్మ చేతి నుంచి మిషన్‌కు వెళ్లే ట్యూబు చూసింది. ఎర్రగా ఉండాల్సిన రక్తం నేరేడుపండు రసంలా ఉంది.

"కొండల్, ఆపు!"

కొండల్ అడ్డం వచ్చాడు. "మేడం, చెప్పులేసుకుని లోపటికి రావద్దు. ఇందాక చెప్పిన గదా, డాక్టర్ సారు..."

"అవి దిబ్బ నీళ్లు కొండల్. చెత్త కుప్ప కింద ఊరిన నల్లనీళ్లను శుద్ధి చేసి మొక్కలకు పంపే నీళ్లు. పొద్దున శుద్ధి సరిగ్గ కాలె. అమ్మోనియా ఉంది. నువ్వు పోసిన క్లోరిన్ దాంతో కలిసింది."

లింగస్వామి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

కొండల్ ముఖంలో రంగు మారింది, కానీ చేయి మిషన్ మీదికి పోలేదు. "పన్నెండేండ్ల నుంచి చేస్తున్న మేడం. మధ్యల ఆపితే వీళ్ల పానాల మీదికొస్తది. మంగళవారం కూడ లేదు వీళ్లకు. క్లోరిన్ జీరో ఉన్నది. కావాల్నంటె నా పుస్తకం చూడుండ్రి."

"నీ కిట్టు తే. నా పెట్టెల క్లోరిన్ గోలీలు లేవు."

తెచ్చాడు. రెండు రకాల గోలీల ప్యాకెట్లున్నాయి అందులో. ఒకటి సగం అయిపోయింది. రెండోది, క్లోరమిన్‌ను కూడా పట్టేది, అసలు విప్పనే లేదు.

"గిది ఎందుకు వాడలే?"

"అది అవసరం రాదు మేడం. మొదటి దాంట్లనే తెలుస్తది."

మిషన్లకు వెళ్లే పైపు నుంచి చిన్న గాజుసీసాలో నీళ్లు పట్టింది. మొదటి గోలీ వేసి ఊపింది. రంగు రాలేదు. కొండల్ "చూసిండ్రా?" అన్నట్టు చూశాడు. రెండో ప్యాకెట్ పళ్లతో చింపి, గోలీ నలిపి వేసింది.

గులాబీ రంగు అడుగు నుంచి లేచింది. చూస్తుండగానే ముదిరింది. సీసా అవతల ఆమె వేళ్లు కనపడనంత చిక్కగా అయింది.

కొండల్ ఇంకేం అడగలేదు. పరుగెత్తాడు.

మొదటి మిషన్ ఆగింది. క్లాంపులు పడ్డాయి. ట్యూబుల్లో ఉన్న రక్తాన్ని అలవాటు ప్రకారం తిరిగి ఎక్కించడానికి అతను బటన్ వైపు చేయి చాపితే, అరుణజ్యోతి మణికట్టు పట్టుకుంది. "ఎక్కియ్యొద్దు. చెడిన రక్తం. పోనీ."

"ఈమెకు రక్తమే లేదు మేడం! గిదంత పారేస్తే..."

"పారెయ్యి."

రెండో మిషన్. మూడోది. అలారాలు ఒకదాని మీద ఒకటి మోగుతున్నాయి. నాలుగో మంచం మీద లెక్చరర్‌లా ఉన్నాయన "ఏమైందయ్యా, కరెంటు పోయిందా?" అని అడుగుతున్నాడు. మిగతా వాళ్లంతా ఆలస్యంగా మిషన్ ఎక్కారు. ఇద్దరికి నడుంనొప్పి మొదలైంది. రాములమ్మ ఒక్కతే మొదటి నుంచీ ఉంది. నీళ్లు తెచ్చినందుకు మర్యాదగా ఇచ్చిన మొదటి మంచం.

లింగస్వామి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మేడం" అన్నాడు మెల్లగా. "గవి తాగే నీళ్లంత మంచివన్నరు గదా."

"నేనే అన్న."

"బోర్డు చూస్తె కొండల్ తమ్ముడు భయపడ్తడని నేనే తీసిన. గవర్మెంటు బోర్డులు గట్లనే ఉంటయ్, లోపట నీళ్లు మంచియే అనుకున్న."

 కొండల్ పిలిచిన నూట ఎనిమిది అంబులెన్స్ సైరన్ కింద వినిపించింది.

దిల్‌సుఖ్‌నగర్ పెద్ద దవాఖాన ఎమర్జెన్సీలో రాములమ్మను దింపేసరికి పన్నెండున్నర. డ్యూటీ డాక్టర్ ముప్పై ఏళ్ల అమ్మాయి. రక్తం సూదిలోకి లాగి చూసి కనుబొమలు ముడిచింది. "ఈ రంగేంటి? డయాలసిస్‌లో ఏం జరిగింది? నీళ్లు ఎక్కడివి, బోరా? మున్సిపాలిటీవా?"

అప్పుడే అరుణజ్యోతి ఫోన్ మోగింది. బాపిరాజు. ఆమె ఎత్తింది.

"మిషన్లు ఆగాయట కదమ్మా, మంచిది. ఇక బోరు నీళ్లనే ఉండనీ. నేను చూసుకుంటాను. నువ్వు ఒక్క ముక్క మాట్లాడకు."

డాక్టర్ ఎదురుచూస్తోంది. లింగస్వామి కూడా ఆమె నోటి వైపే చూస్తున్నాడు.

అరుణజ్యోతి ఫోన్ కట్ చేయకుండానే చెప్పింది. "డంపింగ్ యార్డ్ లీచెట్ శుద్ధి చేసిన నీళ్లు. అమ్మోనియా లీటరుకు ముప్పై ఎనిమిది మిల్లీగ్రాములు. దాంట్లో మూడుసార్లు హైపో కలిపారు. క్లోరమిన్ ఎంతుందో కొలవలేకపోయాను, కిట్టు స్కేలు దాటిపోయింది. రెండు గంటలు మిషన్ మీద ఉంది. నేను ఆ ప్లాంట్ కెమిస్ట్‌ని. పేరు అరుణజ్యోతి. రాసుకోండి."

ఫోన్‌లో బాపిరాజు ఏదో అరిచాడు. తర్వాత లైను కట్ అయింది.

డాక్టర్ రాసుకోలేదు. అప్పటికే నర్సు వైపు తిరిగి వరసగా పరీక్షల పేర్లు చెప్తోంది. ఒక్క క్షణం వెనక్కి తిరిగింది. "బోరు నీళ్లంటే ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకో దారిలో వెళ్లేదాన్ని. ఎర్రకణాలు పగులుతున్నాయి. లోపలున్న పొటాషియం అంతా బయటికొస్తోంది. ఎప్పుడైనా గుండె ఆగొచ్చు. రక్తం ఎక్కించాలి, వెంటనే వేరే మిషన్ మీద డయాలసిస్ చేయాలి. రెండు యూనిట్లు ఇప్పుడే తీస్తాం, బదులుగా ఇద్దరు రక్తం ఇవ్వాలి. ఎవరున్నారు?"

బ్లడ్ బ్యాంక్ కిటికీ ముందు లింగస్వామి, వెనక అరుణజ్యోతి నిలబడ్డారు. ఏ గ్రూపైనా పర్వాలేదన్నారు. లింగస్వామికి షుగరు ఉందనీ, ఇన్సులిన్ సూదులు వేసుకుంటాడనీ తెలిసి గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. అతను పక్కకు జరిగి ఇద్దరు ట్యాంకర్ డ్రైవర్లకు ఫోన్ చేశాడు. ఒకడు చంపాపేట్‌లో అన్‌లోడ్ చేస్తున్నాడు, వస్తున్నానన్నాడు. అరుణజ్యోతి ముందుకొచ్చి ఫారం తీసుకుంది.

"పేషంట్‌కు ఏమైతరు?" గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

ఆమె పెన్ను ఆగింది.

"మాకేంగాదు" అన్నాడు లింగస్వామి వెనక నుంచి.

గుమాస్తా అదే రాసుకున్నాడు. ఆమె చేయి చాపింది.

మూడింటికి రాములమ్మ గుండె ఒకసారి తడబడింది. తెర లాగారు. బయట బెంచీ మీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. తెర వెనక ఎవరో అంకెలు చెప్తున్నారు, ఇంకెవరో వాటిని తిరిగి చెప్తున్నారు. లింగస్వామి పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుడి పేరో ఆమెకు వినపడలేదు. ఆమె ఫోన్‌లో బాపిరాజు మెసేజ్ ఉంది. రేపట్నుంచి రానక్కర్లేదట. దాని కింద కొండల్ మెసేజ్. మిగతా ఆరుగురినీ వేరే సెంటర్లకు పంపారు, ఇద్దరికి రక్తం ఎక్కిస్తున్నారు, సంపుకు తాళం వేసి పోలీసులకు అప్పజెప్పాడు. సీసాలోని గులాబీ రంగు నీళ్ల ఫొటో కూడా పెట్టాడు. కింద ఏమీ రాయలేదు.

మూడున్నరకు తెర తీశారు. గుండె నిలబడింది.

నాలుగింటికి రాములమ్మను మంచంతో సహా పై అంతస్తుకు తోసుకెళ్లారు. అక్కడ డయాలసిస్ మిషన్ సిద్ధంగా ఉంది. నర్సు ట్యూబులు బిగిస్తుంటే రాములమ్మ కళ్లు తెరిచి మొగుడి కోసం వెతికింది. లింగస్వామి దగ్గరికి వెళ్లాడు గానీ, అలవాటు ప్రకారం ఆమె కాళ్ల దగ్గర కూర్చోలేదు. మిషన్ పక్కన నిలబడి దాని వెనక గోడలోకి వెళ్లిన పైపును చూశాడు. ఆ పైపు ఎక్కడి నుంచి వస్తుందో చూడటానికి వంగాడు. అది గోడలోకి పోయింది, అంతకంటే ఏమీ కనపడలేదు.

నర్సు స్విచ్ మీద వేలు పెట్టింది.

"ఆగు బిడ్డా" అన్నాడు.

నర్సు విసుగ్గా చూసింది. "ఆలస్యమైతే మీకే డేంజర్, తెలుసా?"

లింగస్వామి తలుపు వైపు తిరిగాడు. ఈ దవాఖానకొచ్చాక మొదటిసారి అరుణజ్యోతి ముఖంలోకి నేరుగా చూశాడు.

"గీ మిషిన్ల నీళ్లు యాడియి మేడం?"

'ఇంత పెద్ద దవాఖాన, ఇంత మంది డాక్టర్లు, భయం లేదులే లింగస్వామన్నా.' ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అని ఉంటే అతను ఊరుకునేవాడు. ఇంకా ఆమెనే అడుగుతున్నాడు మరి.

"తెల్వదు లింగస్వామన్నా" అంది. "రెండు నిమిషాలు. చూసొస్త."

"జల్దీ" అన్నాడు.

కొండల్ కిట్టు వేసుకొచ్చిన పరీక్ష పెట్టె పట్టుకుని, నీటి గది ఎటు అని నర్సును అడిగి, ఆమె వరండాలో పరుగెత్తింది.